గెలాక్సీల తాకిడి, క్వేజార్లు
క్వేజార్ అంటే ఒక గెలాక్సీ నడిబొడ్డున ఉన్న భారీ కృష్ణబిలం చుట్టుపక్కల వాయువును మింగుతున్నప్పుడు మహాకాంతితో వెలిగే ఆ గెలాక్సీ కేంద్రం. 3సి 273 అనే క్వేజార్ ఎంత దూరాన ఉందో ఖగోళవేత్త మార్టెన్ ష్మిట్ 1963లో తేల్చాక ఈ వస్తువులు ఎంత ప్రకాశవంతమో బయటపడింది. మరి ఆ వాయువు కేంద్రానికి ఎలా చేరుతుంది? రెండు గెలాక్సీలు దగ్గరైనప్పుడు పరస్పర ఆకర్షణ వాటి ఆకృతిని చెదరగొడుతుంది. వాయువు తన కోణీయ ద్రవ్యవేగాన్ని కోల్పోయి లోపలికి జారుతుంది. నక్షత్రాలు మాత్రం దాదాపు ఎప్పుడూ ఢీకొనవు. వాటి మధ్య అంత ఎడం ఉంటుంది.

గెలాక్సీల తాకిడి గణితానికి గట్టి పునాది వేసినవారిలో తెలుగు నేలకు చెందిన శాస్త్రవేత్త ఒకరున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఖగోళవేత్త సాలెహ్ మొహమ్మద్ అల్లాదీన్, ఢీకొనే గెలాక్సీల గతిశాస్త్రంపై 1965లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో పత్రం ప్రచురించారు. తాకిడిలో గెలాక్సీలకు ఏర్పడే తోకలను వివరించిన టూమ్రే సోదరుల ప్రసిద్ధ పత్రం కంటే ఇది ఏడేళ్లు ముందుది. ఆ సంగతి ఇంకా ఎక్కువగా చెప్పుకోవాలి. 1982లో పరిశోధకుడు నరసింహన్‌తో కలిసి అల్లాదీన్ ఇదే రంగంపై ఫిజిక్స్ రిపోర్ట్స్ పత్రికలో సమీక్ష రాశారు.

క్వేజార్లు వెలగడానికి తాకిడే ప్రధాన కారణమా అన్నదానిపై వాదం నడుస్తూనే ఉంది. 2011లో ఒక హబుల్ అధ్యయనం, కేంద్రంలోని కృష్ణబిలం చురుగ్గా ఉన్న గెలాక్సీల్లో ఆకృతి చెదరడం మామూలు వాటికంటే ఎక్కువేమీ లేదంది. అయితే 2023లో 48 సమీప క్వేజార్ల పరిశీలనలో, వాటిని కలిగిన గెలాక్సీల్లో 65 శాతం చెదిరిన ఆకృతితో కనిపించాయి. పోల్చి చూసిన సాధారణ గెలాక్సీల్లో అది 22 శాతమే.