యాంటీఫ్రీజ్ పుట్టుపూర్వోత్తరాలు

నీరు గడ్డకట్టేటప్పుడు దాని ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. కారు ఇంజిన్‌కు చలికాలంలో వచ్చే పెద్ద ముప్పు ఇదే. పోత ఇనుముతో చేసిన ఇంజిన్ బ్లాకులో సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే దారులుంటాయి. వాటిలో నీళ్లు గడ్డకడితే ఇనుము సైతం పగులుతుంది. రేడియేటర్‌లోని పలుచని రేకులు అంతకంటే ముందే చీలిపోతాయి. మంచు దేశాల్లో చలికాలానికి కారును సిద్ధం చేయాలంటే బ్యాటరీ, టైర్లు, ఇంజిన్ ఆయిల్, వైపర్లు అన్నీ చూసుకోవాలి. కానీ ఒక్క రాత్రిలో ఇంజిన్‌నే పనికిరాకుండా చేయగలిగేది ఈ నీళ్లే. దీనికి సరైన విరుగుడైన యాంటీఫ్రీజ్ ద్రవం బజారులోకి రావడానికి, కారు పుట్టిన తర్వాత నలభై ఏళ్లు పట్టింది.

కార్ల్ బెంజ్ 1886లో పేటెంట్ తీసుకున్న మూడు చక్రాల బండిలో నీళ్లు మరిగి ఆవిరైపోతూ ఇంజిన్‌ను చల్లబరిచేవి. తగ్గినప్పుడల్లా మళ్లీ పోసుకోవాల్సిందే. 1900 చివర్లో విల్‌హెల్మ్ మైబాఖ్ మెర్సిడెస్ కారుకు తేనెపట్టు రేడియేటర్ అమర్చాడు. అందులో 8,070 చిన్న గొట్టాలు. గొట్టాల్లోంచి గాలి పోతుంటే వాటి మధ్య సందుల్లో నీళ్లు పారేవి. కొద్దిపాటి నీళ్లతోనే ఎక్కువ వేడిని వదిలించుకునే ఈ ఏర్పాటు కార్ల వేగాన్ని పెంచింది. అయితే ఆ సన్నని సందుల్లోనే నీళ్లు తొందరగా గడ్డకట్టేవి.

1908 నుంచి 1927 దాకా కోటిన్నరకు పైగా తయారైన ఫోర్డ్ మోడల్ టి కారే ఆ కాలపు అవస్థకు మంచి ఉదాహరణ. దాని రేడియేటర్ అడుగున చిన్న కుళాయి ఉండేది. చలికాలంలో ఇంటికి చేరగానే ఆ కుళాయి తిప్పి నీళ్లన్నీ కారిపోనివ్వాలి. తెల్లవారాక పొయ్యి మీద కాచిన నీళ్లు పోసి, ముందున్న హ్యాండిల్ తిప్పి ఇంజిన్‌ను లేపాలి. మరిచిపోతే ఇంజిన్ మీద ఆశ వదులుకోవాల్సి వచ్చేది. దారిలో కూడా భరోసా లేదు. తొలి కొన్ని వేల బండ్లను మినహాయిస్తే మోడల్ టి కి నీటి పంపు లేదు. వేడెక్కిన నీరు పైకి, చల్లబడిన నీరు కిందికి వాటంతటవే కదలాలి. గడ్డుచలిలో రేడియేటర్ అడుగున నీరు గడ్డకట్టి దారి మూసుకుపోతే, పైన ఇంజిన్‌లో నీళ్లు కుతకుత ఉడికేవి. అందుకే రేడియేటర్ ముందు దుప్పటో అట్టముక్కో కట్టుకుని నడిపేవారు. అమెరికాలోని సిరక్యూస్ నగరానికి చెందిన ఫ్రాంక్లిన్ కంపెనీ ఈ బాధే లేకుండా 1902 నుంచి 1934 దాకా గాలితోనే చల్లబడే కార్లు తయారుచేసింది.

మిగిలినవారు నీళ్లలో ఏదో ఒకటి కలిపి చూశారు. ఉప్పు, కాల్షియం క్లోరైడ్ నీటిని గడ్డకట్టనివ్వలేదు గానీ లోహాన్ని తినేశాయి. తేనె, పంచదార పాకం కూడా ప్రయత్నించారు. గ్లిజరిన్ బాగానే పనిచేసింది, కానీ చలికి చిక్కబడేది, ఖరీదూ ఎక్కువే. చివరికి ఎక్కువమంది ఆల్కహాల్ వైపు మొగ్గారు. మిథనాల్ గానీ ఇథనాల్ గానీ చవక, దొరకడం తేలిక. చిక్కల్లా అవి నిలవకపోవడమే. మిథనాల్ 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఇంజిన్ వేడెక్కిన ప్రతిసారీ కొంత ఆవిరైపోయేది. నిన్న ఉన్న రక్షణ ఇవాళ ఎంత మిగిలిందో డ్రైవరుకు తెలిసేది కాదు. ఆ ఆవిరికి నిప్పు భయం ఒకటి, ఒలికితే కారు రంగు చెడేది.

దీనికి జవాబు అప్పటికే దశాబ్దాలుగా ప్రయోగశాలల్లో ఉంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షార్ల్ అడాల్ఫ్ వుర్ట్స్ 1856లోనే ఇథిలీన్ గ్లైకాల్ తయారుచేశాడు. చాలాకాలం దానితో ఎవరికీ పని పడలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీకి గ్లిజరిన్ కొరత వచ్చినప్పుడు పేలుడు పదార్థాల తయారీలో గ్లైకాల్‌ను వాడుకున్నారు. మామూలు డైనమైట్‌లోని నైట్రోగ్లిజరిన్ సుమారు 13 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. గడ్డకట్టిన డైనమైట్‌ను వేడిచేసి కరిగించబోయి గని కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గ్లైకాల్ నుంచి చేసిన పేలుడు పదార్థం కలిపితే ఆ గండం తప్పింది. ఆ విధంగా గ్లైకాల్ రేడియేటర్ కన్నా ముందు డైనమైట్‌నే చలి నుంచి కాపాడింది. యూనియన్ కార్బైడ్ సంస్థ 1925లో వెస్ట్ వర్జీనియాలోని సౌత్ చార్లెస్టన్‌లో దీన్ని భారీగా తయారుచేసే కర్మాగారం పెట్టింది. 1927లో ప్రెస్టోన్ పేరుతో కార్ల కోసం బజారులోకి వదిలింది.

గ్లైకాల్ గెలిచింది చలిని ఆపడంలో కాదు. బరువుకు బరువు చూస్తే మిథనాలే నీటి గడ్డకట్టే ఉష్ణోగ్రతను ఎక్కువగా దించుతుంది. గ్లైకాల్ మరిగేది 197 డిగ్రీల దగ్గర కాబట్టి ఇంజిన్ ఎంత వేడెక్కినా ఆవిరైపోదు. శీతకాలం మొదట్లో పోస్తే చివరిదాకా ఉంటుంది. అసలు సుగుణం ఈ నిలకడే. ధర ఎక్కువ కావడంతో ఆల్కహాల్ వెంటనే పోలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కూడా కొంతకాలం రెండూ పక్కపక్కనే అమ్ముడయ్యాయి. విమానాలు మాత్రం గ్లైకాల్‌ను త్వరగా అందిపుచ్చుకున్నాయి. స్పిట్‌ఫైర్ యుద్ధ విమానంలోని రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజిన్‌ను మొదట అచ్చమైన గ్లైకాల్‌తో, తర్వాత నీళ్లు కలిపిన గ్లైకాల్‌తో చల్లబరిచారు.

అచ్చమైన గ్లైకాల్ సుమారు మైనస్ 13 డిగ్రీల దగ్గర తానే గడ్డకడుతుంది. నీళ్లతో సగానికి సగం కలిపితే మాత్రం మైనస్ 37 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. రెండు రకాల అణువులూ ఒకదాన్నొకటి స్ఫటికంగా కుదురుకోనివ్వవు. గ్లైకాల్ మూడింట రెండు వంతుల దగ్గరకు వచ్చేసరికి రక్షణ గరిష్ఠానికి చేరుతుంది. ఆపైన కలిపినకొద్దీ తగ్గుతూ వస్తుంది. వేడిని మోసుకుపోవడంలో గ్లైకాల్ కన్నా నీరే మేలు. సగం సగం కలపమనడం ఈ రెంటినీ బేరీజు వేసుకుని చెప్పిన లెక్క.

గ్లైకాల్‌కు రెండు దోషాలున్నాయి. కాలం గడిచేకొద్దీ అది ఆమ్లాలుగా మారి లోహాన్ని తింటుంది. దాన్ని అడ్డుకునే రసాయనాలు ఒక్కొక్కటిగా చేరాయి. పాత ఆకుపచ్చ రకంలో ఆ రసాయనాలు సుమారు రెండేళ్లలో ఖర్చైపోయేవి. 1990ల మధ్యలో జనరల్ మోటార్స్ తెచ్చిన నారింజ రంగు డెక్స్‌కూల్ ఐదేళ్ల ఆయుష్షుతో వచ్చింది. రంగు కేవలం అద్దకమే. రంగు కలిసిందని రకం కలిసినట్టు కాదు. రెండో దోషం విషం. తియ్యగా ఉండటంతో పిల్లలు, కుక్కలు తాగే ప్రమాదముంది. ఒంట్లో అది ఆక్సాలిక్ ఆమ్లంగా మారి, మూత్రపిండాల్లో స్ఫటికాలై కూర్చుంటుంది. నోట పెట్టలేని చేదు కలపాలని అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 1991లో చట్టం చేసింది. అమెరికా తయారీదారులు 2012లో దేశమంతటా ఆ పద్ధతికి ఒప్పుకున్నారు. ఇంత ఆలస్యం జరగకుండా ఉండాల్సింది.

మిషిగన్, మిన్నెసోటా, టొరంటో ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారికి ఈ ద్రవంతో ఏటా పనిపడుతుంది. టెక్సస్ లాంటి వెచ్చని చోట కొన్న పాత కారును ఉత్తరాదికి తీసుకెళ్లేవారు మరీ జాగ్రత్తపడాలి. వెచ్చని చోట రేడియేటర్‌లో ఉత్త నీళ్లు పోసుకుంటూ వచ్చినా కారు నడిచిపోతుంది, లోపం తొలి గడ్డుచలికి గానీ బయటపడదు. ద్రవంలో గ్లైకాల్ పాళ్లు ఎంతో చిన్న హైడ్రోమీటర్‌తో నిమిషంలో పరీక్షించుకోవచ్చు.

తెలుగు నేల మీద లంబసింగిలో కూడా రేడియేటర్ పగిలేంత చలి లేదు. ఇక్కడ దీన్ని కూలెంట్ అంటారు, పోసేది ఎండ కోసం. సగం కలిపిన గ్లైకాల్ 107 డిగ్రీల దాకా మరగదు. రేడియేటర్ మూత నిలిపే ఒత్తిడి ఆ హద్దును ఇంకా పైకి తీసుకెళ్తుంది. బోరు నీళ్లలోని లవణాలు ఆ సన్నని దారుల్లో పొలుసులా పేరుకుపోతాయి కాబట్టి డిస్టిల్డ్ వాటరే కలపాలి. మాన్యువల్‌లో చెప్పిన రకమే వాడాలి. ఇంజిన్ వేడిగా ఉండగా మూత తీయకూడదు. మిగిలిన డబ్బాను పిల్లలకు అందని చోట పెట్టాలి.