అజంతా నర్తకి: ప్రతుల పాఠవిచారము

అజంతా యొకటవ గుహయందు మహాజనక జాతకమును జిత్రించిన కుడ్యముపై నొక నర్తకి గలదు. మిథిలాధిపుఁడగు మహాజనకుఁడు, ఫలించిన మామిడిచెట్టు జనులచేఁ గొమ్మలు విఱిగి చెడుటయు, ఫలింపని చెట్టు పచ్చగా నిలుచుటయుఁ జూచి విరక్తుఁడయ్యెనని కథ. ఆతనిని రాజ్యమున నిలుపఁగోరి శీవలీదేవి యేర్పఱచిన నృత్యమే యీ చిత్రమని వ్యాఖ్యాతల యభిప్రాయము. నర్తకి పొడుగుచేతుల ఱవికె దొడిగి, నడుము నొకవైపునకు వంచి నిలిచినది. చుట్టును వేణువు లూదువారు, తాళములు వేయువారు, మృదంగము వాయించువారు గలరు, అందఱును స్త్రీలే. ఆ నృత్యము రాజును నిలుపలేకపోయెనని యెఱిఁగిన చూపఱ కామె లావణ్యము జాలి గొల్పును.

అజంతా గుహలు 1819లో నాంగ్లేయులకుఁ దెలియవచ్చెను. 1844లో మద్రాసు సైన్యోద్యోగి యగు రాబర్టు గిల్లు చిత్రములకుఁ బ్రతులు వ్రాయ నియుక్తుఁడై పెక్కేండ్లు శ్రమించెను. 1866లో లండనునందలి క్రిస్టల్ ప్యాలెస్ దగ్ధమైనపుడు వానిలోఁ గొలఁది మాత్రమే మిగిలినవి. పిమ్మట బొంబాయి జంషెట్జీ జీజీభాయి చిత్రకళాశాలలో నుపాధ్యాయుఁడైన జాన్ గ్రిఫిత్సు, 1872 మొదలు 1885 వఱకు శిష్యులతోఁ గూడి, బట్టపైఁ దైలవర్ణములతో మరలఁ బ్రతులు వ్రాయించెను. శిష్యులలోఁ బెస్తోంజీ బొమంజీ యొకఁడు. విధి చిత్రమైనది: 1885లో లండను సౌత్ కెన్సింగ్టను ప్రదర్శనశాలలో నగ్ని పుట్టి వీనిలోను బెక్కింటిని గాల్చెను. 1896-97లలో గ్రిఫిత్సు రెండు సంపుటముల గ్రంథమును బ్రకటించెను.

పాణిని ప్రతికృత్యర్థమునఁ గన్‌ప్రత్యయమును విధించినాఁడు. అశ్వమువంటి బొమ్మ యశ్వకము. అశ్వక మశ్వము గాదని బాలుఁడు నెఱుఁగును. చిత్రచరిత్రము వ్రాయువా రీ చిన్న కకారమును దఱచు మఱచుచున్నారు. లేఖకుఁడు తాళపత్రము నెత్తి వ్రాయునపుడు తన నాఁటి యలవాట్లు ప్రతిలోఁ జొరకుండునా? గ్రిఫిత్సు శిష్యులు పాశ్చాత్యపద్ధతిని, మనుష్యు నెదుటఁ గూర్చుండఁబెట్టి, వెలుఁగునీడలతో నవయవములను వ్రాయ నేర్చినవారు. అందుచే వారి ప్రతులందు శరీరపు గుండ్రదనము నీడచేఁ బెంపొందును. అజంతా చిత్రకారుఁ డది ప్రధానముగా రేఖచేత సాధించెను. ఇది లేఖకదోషము వంటిది. అంతమాత్రమునఁ బ్రతిని బాఱవేయరాదు. వేఱు ప్రతులతోఁ బోల్చి పాఠమును నిర్ణయింపవలయును. గోడపై వర్ణము రాలిన చోట నొక్కొక్కయెడ నా ప్రతియే సాక్షి.

మఱియొక సంగతి దాచఁదగదు. మసకబాఱిన చిత్రములు స్పష్టముగాఁ గనఁబడుటకై గ్రిఫిత్సు వానిపై వార్నీషు పూయించెను. అది కాలక్రమమునఁ జెడి రంగుపొరకుఁ గీడు చేసెను. 1920-22లలో నైజాము ప్రభుత్వము రావించిన యిటలీ నిపుణులు దానిని దీసిరి గాని, వారు పూసిన లక్కయుఁ బిదప నల్లఁబడెను. కావున 1885కుఁ బూర్వపుఁ బ్రతిని, నేఁటి గోడను బోల్చువారు నడుమ జరిగిన యీ రెండు పూఁతలను లెక్కకుఁ దేవలయును.

హెరింగాం దొరసాని వెంట నందలాల్ వసువు, అసితకుమార హల్దారు, వెంకటప్ప ప్రభృతులును, హైదరాబాదునుండి సయ్యద్ అహమ్మదును 1909 మొదలు 1911 వఱకు రేఖకుఁ బ్రాధాన్యమిచ్చి వ్రాసిన ప్రతులు 1915లో నచ్చుపడినవి. గులాం యాజ్దానీ 1930లోఁ బ్రకటించిన ప్రథమభాగము ఛాయాచిత్రముల నాశ్రయించినది.

నర్తకి హస్తమును జూపి యిది భరతశాస్త్రోక్తమగు నొకానొక ముద్ర యని నిర్ణయించువారు, ఆ వ్రేళ్లు గోడపైఁ గనఁబడినవో, తైలప్రతిలో శిష్యుఁడు పూరించినవో ముందుగాఁ జెప్పవలయును. యాజ్దానీ ఛాయాచిత్రమును, గ్రిఫిత్సు పటమును బ్రక్కప్రక్కఁ బెట్టి చూచుట కొక గంట చాలును.