వివాదగ్రస్తములగు ఎన్నికలు: తీర్పరి యెవ్వరు?

ఈ వార్షిక సంచికకు చరిత్రవిషయకమగు వ్యాసమొకటి వ్రాసి పంపవలసినదని సంపాదకులు మమ్ము కోరినపుడు, ఏదేనొక పూర్వరాజవంశమును గూర్చి వ్రాయుదుమని వారు తలంచియుందురు. మేము వేఱొక విషయమును గైకొంటిమి. ఎన్నికలో నోడినవాడు "ఇది చెల్లదు" అని లేచినపుడు, ఆ మాటను విచారించి తీర్పు చెప్పవలసినవా రెవ్వరు? ఎన్నికైనవారి సభయే చెప్పవలెనా, ప్రభువు చెప్పవలెనా, లేక సభకును ప్రభువునకును వెలుపల నుండు న్యాయస్థానము చెప్పవలెనా? సంఘములు సభలు నడుపుకొను మనబోంట్లకు ఈ ప్రశ్న పరాయిది కాదు.

యాజ్ఞవల్క్యస్మృతిలోని వ్యవహారాధ్యాయము కులము, శ్రేణి, పూగము, రాజనియుక్తులగు సభ్యులు అను నాలుగు తీర్పుస్థానములను పేర్కొని, ఒకదానికంటె నొకటి పైదని చెప్పుచున్నది. దీనికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్రాసెను. కేతన ఆ శాస్త్రమును తెనుగు పద్యములలోనికి దెచ్చెను. అందు ఎన్నికల ప్రసక్తి లేదు. కాని తనవారిచ్చిన తీర్పునకు తృప్తిచెందనివాడు పైస్థానమునకు పోవచ్చుననుట మాత్ర మందు స్పష్టము.

ఎన్నికల మాట కావలెనన్న, ఉత్తరమేరూరు శాసనములను జూడవలెను. చోళరాజగు మొదటి పరాంతకుని కాలమున, 919, 921 సంవత్సరములలో, ఆ యగ్రహార సభవారు తమ వారియముల నేర్పఱచుకొను విధమును రాతిపై చెక్కించిరి. ముప్పది కుడుంబులలోని యర్హుల పేర్లను ఓలలపై వ్రాసి కుండలో వేసి, ఒక బాలునిచేత తీయించిరి. ముప్పదియైదేండ్లకు లోబడినవారును డెబ్బదేండ్లు దాటినవారును పనికిరారు. ముందు పదవిలో నుండి లెక్కలొప్పజెప్పనివారేకాక, వారి దగ్గఱి చుట్టములును అనర్హులే. ఈ నియమమును చదివినపుడెల్ల మాకు కించిత్తు నవ్వు వచ్చును. వేయేండ్లకు పూర్వమే మన పెద్దలు కోశాధికారుల నెంత బాగుగా నెఱిగియుండిరో గదా! చీటీ తీయుటలో ఓడినవాడు బాలుని నిందింపలేడు గాన, తగవునకు తావు తక్కువ.

నేటి మన పద్ధతికి మూలము ఇంగ్లండున నున్నది. 1604లో బకింగ్‌హామ్‌షైరునుండి సర్ ఫ్రాన్సిస్ గుడ్విన్ ఎన్నికయ్యెను. బాకీల వ్యాజ్యములలో చట్టబాహ్యుడుగా ప్రకటింపబడినవాడని చాన్సరీ కచేరివారు ఆ యెన్నికను త్రోసిపుచ్చి, మరల జరిపించి సర్ జాన్ ఫోర్టెస్క్యూను తెచ్చిరి. కామన్సు సభవారు మా సభ్యుడెవ్వరో మేమే నిర్ణయింతుమని గుడ్విన్‌ను కూర్చుండబెట్టిరి. మొదటి జేమ్సు రాజు కల్పించుకొనెను. తుదకు ఇద్దఱిని మాని క్రొత్త యెన్నిక జరుపుటకు రాజీ కుదిరినది. నాటినుండి తమ యెన్నికల తగవులు తీర్చుకొను నధికారము సభకే దక్కినది.

రాజు చేతినుండి తప్పించుకొన్న యా యధికారము పక్షముల చేతిలో బడుటకు ఎంతో కాలము పట్టలేదు. పదునెనిమిదవ శతాబ్దమున ఎన్నికల పిటిషను సభలోనికి వచ్చిన, సాక్ష్యమును వినువాడు లేడు. ఎవ్వరి పక్షమున తలలెక్కువయో వారిదే న్యాయము. 1742లో చిప్పెన్‌హామ్ ఎన్నిక తగవుపై జరిగిన వోటింగులో ఓడిపోవుటచేతనే సర్ రాబర్టు వాల్పోలు ప్రధానిపదవిని వదలుకొనెను. ఒక చిన్న పట్టణపు సభ్యుడెవ్వరను విచారణ మంత్రివర్గముయొక్క బలపరీక్షగా మాఱినదన్నమాట!

ఈ దుస్థితిని బాపుటకు 1770లో జార్జి గ్రెన్విల్ ఒక చట్టము చేయించెను. సభ్యులలో నలువదితొమ్మిదిమంది పేర్లను చీటీలువేసి తీయుదురు. ఉభయవాదులును తమకు గిట్టనివారిని వంతులవారీగా కొట్టివేయగా పదుమువ్వురు మిగులుదురు. ఇరువురు చెఱియొకని గలుపుకొనగా పదునైదుగురి విచారణసంఘ మేర్పడును. ఉత్తరమేరూరి కుండ లండనులో మరల కనబడినట్లు మాకు తోచును. అయినను చీటీ యెవ్వరిని తీసినను తీయబడినవాడు ఏదో యొక పక్షమువాడే గదా. కావున 1868లో పార్లమెంటు తన హక్కును తానే విడిచి, ఎన్నికల పిటిషనులను న్యాయమూర్తులకు అప్పగించెను. అపుడు న్యాయమూర్తులు సంతసింపలేదు! తమ్మీ రాజకీయపు రొంపిలోనికి దింపవలదని ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ అందఱి పక్షమున నిరసన తెలిపెను. నిరసన చెల్లలేదు. జడ్జీలు ఆ యా నియోజకవర్గములకే పోయి విచారణ జరుపసాగిరి.

మన దేశమున ఆంగ్లప్రభుత్వకాలములో శాసనసభల యెన్నికల తగవులను గవర్నరు నియమించు కమీషనర్లు విచారించువారు. స్వాతంత్ర్యానంతరము రాజ్యాంగము 329వ అధికరణముచే, చట్టము నిర్ణయించిన అధికారి యెదుట ఎన్నికల పిటిషను మూలమున తప్ప, ఏ యెన్నికను ప్రశ్నింపరాదని శాసించినది. ఈ వాక్యమునకు అర్థము చెప్పవలసిన యవసరము మొదటి సాధారణ యెన్నికలలోనే కలిగినది. నాటి మద్రాసు రాష్ట్రములో సేలము జిల్లా నామక్కల్‌న పొన్నుస్వామి యనువారి నామినేషనును అధికారి త్రోసివేసెను. వారు మద్రాసు హైకోర్టునకును, అటనుండి సుప్రీంకోర్టునకును పోయిరి. 1952 జనవరిలో న్యాయమూర్తి ఫజల్ అలీ తీర్పు చెప్పుచు, ఎన్నిక యనగా ప్రకటన మొదలు ఫలితము వఱకు గల కార్యకలాపమంతయు నని, నడుమ న్యాయస్థానములు అడ్డురాదగదని, ఫిర్యాదు ఎన్నిక ముగిసిన పిదపనే యని నిర్ణయించిరి. మధ్యలో ఎవ్వరు పడితే వారు ఆపుచున్నచో ఏ యెన్నికయు తుదముట్టదు, ఇది నిజమే. కాని నామినేషను అన్యాయముగా పోయినవాడు పోటీ కన్నులార చూచి, ఆ పిమ్మట వ్యాజ్యమాడవలెననుట కఠినముగనే యున్నది.

మొదట ఈ పిటిషనులను ట్రిబ్యునళ్లు విచారించెడివి. 1966లో ఆ యధికారము హైకోర్టులకు వచ్చినది. ఈ మార్పు ఫలితమును తెలుగువారు వెంటనే చూచిరి. 1967లో తాండూరునుండి శాసనసభకు ఎన్నికైన మఱ్ఱి చెన్నారెడ్డిగారిపై వందేమాతరం రామచంద్రరావుగారు పిటిషను వేసిరి. 1968లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అక్రమములు రుజువైనవని యా యెన్నికను రద్దుచేసెను. సుప్రీంకోర్టు ఆ యేడే దానిని ఖాయపఱచెను. చెన్నారెడ్డిగారు కేంద్రమంత్రిపదవిని సైతము విడువవలసివచ్చినది, ఆఱేండ్లు పోటీకి అనర్హులైరి. 1971లో వారి తెలంగాణ ప్రజాసమితి లోక్‌సభకు పది స్థానములు గెలిచినను, నాయకుడు మాత్రము అభ్యర్థి కాలేకపోయెను.

ఆ 1971 ఎన్నికలలోనే రాయబరేలిలో శ్రీమతి ఇందిరాగాంధి లక్షకుపైగా ఆధిక్యముతో గెలిచిరి. ఓడిన రాజ్‌నారాయణ్ అలహాబాదు హైకోర్టునకు పోయిరి. 1975 జూన్ 12న న్యాయమూర్తి జగ్మోహన్‌లాల్ సిన్హా అనేకారోపణలను త్రోసివేసి, రెంటిని మాత్రము నిలిపిరి: ప్రభుత్వోద్యోగిగా నున్న యశపాల్ కపూర్‌ను ప్రచారమున వాడుకొనుట, ఉపన్యాసవేదికలను ప్రభుత్వాధికారులచే కట్టించుకొనుట. ఎన్నిక రద్దయినది. జూన్ 24న సుప్రీంకోర్టు షరతులతో నిలుపుదల నిచ్చినది. మఱునాటి రాత్రి అత్యవసరపరిస్థితి ప్రకటితమైనది. ఆగస్టులో 39వ సవరణముచే, ప్రధానమంత్రి యెన్నికను న్యాయస్థానములు విచారింపరాదని రాజ్యాంగమున వ్రాసిరి. నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ సవరణములో రాయబరేలి తీర్పును తుడిచివేయు భాగమును కొట్టివేసినది. అయితే అప్పటికే పార్లమెంటు వెనుకటి తేదీనుండి మార్చిన ఎన్నికల చట్టము ననుసరించి ఇందిరాగాంధి యెన్నిక చెల్లునని తీర్చినది. విద్యార్థులు ఈ కథను విని "మఱి గెలిచిన దెవరండీ?" అని మమ్మడిగెడివారు. వ్యాజ్యము నామె గెలిచిరి; తాను విచారణకు అతీతురాలనను వాదము నోడిరి.

ఇంతచేసినను ఆలస్యమను దోషము మిగిలియే యున్నది. ఫలితము వెలువడిన నలుబదియైదు దినములలో పిటిషను వేయవలెను. ఆఱు మాసములలో ముగింప యత్నింపవలెనని చట్టము. 2018 డిసెంబరులో జరిగిన తెలంగాణ శాసనసభ యెన్నికలలో కొత్తగూడెమునుండి గెలిచిన వనమా వెంకటేశ్వరరావుగారి యెన్నిక చెల్లదని, జలగం వెంకటరావుగారే ఎన్నికైనవారని హైకోర్టు 2023 జూలైలో చెప్పెను. సుప్రీంకోర్టు ఆగస్టులో నిలుపుదల నిచ్చెను. నవంబరులో మరల ఎన్నికలే వచ్చెను! గద్వాల కథయు అట్టిదే. ఐదేండ్ల పదవికి నాలుగున్నర యేండ్ల విచారణ జరిగిన, గెలిచిన పిటిషనుదారునకు చేతికందున దేమి?

సంఘముల తగవులకు 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము మధ్యవర్తులనో జిల్లాకోర్టునో చూపుచున్నది. మేమెఱిగిన యొక సంఘమున రెండు కార్యవర్గములు ఏర్పడి, ఎవ్వరి సంతకమును చెల్లదని బ్యాంకువారు ఖాతాను నిలిపివేసిరి. కోర్టులో వాయిదాలు నడచినంత కాలము వసతిగృహపు పిల్లల బియ్యము పప్పు ఒక కిరాణావ్యాపారి అరువుపై పంపెను. ఆయన ఏ వర్గమువాడును కాడు.

తుదకొక చిన్న విషయము. ఉపాధ్యాయులమగుటచే మేము పలుమారులు పోలింగు అధికారిగా పోయితిమి. కాగితపు బ్యాలెట్ల దినములలో నొక యూర ఒక వృద్ధురాలు వచ్చెను. ఆమె పేరున ఎవ్వరో అప్పటికే ఓటు వేసి పోయిరి. ఆమె యామెయే యని సాక్షులవలన తేల్చుకొని, నియమముప్రకారము టెండరు బ్యాలెటు నిచ్చితిమి. ముద్రవేసి మడిచి మా చేతి కిచ్చుచు, "అయ్యవారూ, ఇది లెక్కలోకి వస్తుందా?" అని యడిగినది. అట్టి ఓటును పెట్టెలో వేయరు, లెక్కింపున చేర్చరు. వేఱుగా కవరులో నుంచి సీలు వేయుదురు. న్యాయస్థాన మాజ్ఞాపించిననే అది తెఱువబడును. 2008లో రాజస్థానములోని నాథ్‌ద్వారాలో సి. పి. జోషి ఒక్క ఓటుతో ఓడినపుడు ఇట్టి కవరులే వ్యాజ్యమునకు మూలమై, 2011లో సుప్రీంకోర్టు వఱకు పోయినవి. "కోర్టువారు అడిగితే వస్తుందమ్మా" అని యామెకు చెప్పితిమి. ఆ యెన్నికలో ఆధిక్యము వేలలో నుండెను. ఎవ్వరును పిటిషను వేయలేదు. గడువు తీరినపిదప తక్కిన కాగితములతోపాటు ఆ కవరును విప్పకయే నాశనము చేసియుందురు.