ఒకే మందు, పలు పేర్లు: పాలమూరు సేద్యం నేపథ్యంలో పురుగుమందుల నమోదు చరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగులో రోగాన్ని పోగొట్టేదీ, పురుగును చంపేదీ 'మందు'గానే వ్యవహారంలో ఉన్నాయి. కీటకనాశని, శిలీంధ్రనాశని, కలుపునాశని అన్నీ రైతు నోట మందులే. 1968 నాటి కీటకనాశినుల చట్టం కూడా ఈ మూడింటినీ ఒకే నిర్వచనం కిందికి తెచ్చింది. అయితే ఇంత విస్తృతమైన గుంపులో ఏ మందు ఏ మందుతో సమానమో తేల్చేది ఎవరు, తేల్చిన సంగతి వాడేవారికి ఎంతవరకు చేరుతుంది అన్నవి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల సేద్యానికి ముఖ్యమైన ప్రశ్నలు.

చట్టం పుట్టుక

1958లో కేరళ, మద్రాసు రాష్ట్రాల్లో పారాథియాన్ కలిసిన ఆహారం తిని వందమందికి పైగా మరణించారు. ఆ విషాదంపై జరిగిన విచారణ ఈ చట్టానికి దారితీసింది. 1971లో చట్టం అమలులోకి వచ్చింది. మందుల నమోదు బాధ్యత కేంద్ర నమోదు సంఘానిది. సెక్షన్ 9(3) ప్రకారం దరఖాస్తుదారు మందు సామర్థ్యాన్నీ, భద్రతనూ నిరూపించుకోవాలి. ఒకరి పేర నమోదైన మందును అవే షరతులపై ఇతరులూ తయారుచేయడానికి సెక్షన్ 9(4) వీలు కల్పిస్తుంది. ఇక్కడ సాదృశ్యానికి కొలమానం మొదట నమోదైన మందు. అయితే ప్రతి సంస్థకూ వేరే నమోదు సంఖ్య, అంగడిలో వేరే పేరు ఉంటాయి.

ఐరోపా పద్ధతి

ఐరోపా సమాఖ్యలో 2013 సెప్టెంబరు 1 నుండి వర్తిస్తున్న 528/2012 నిబంధన మరొక మార్గం చూపింది. అది క్రిమిసంహారకాలు, ఎలుకల మందులు వంటి వాటికి సంబంధించినది. పంటల మందులకు అక్కడ వేరే చట్టం ఉంది. ఒకే క్రియాశీల పదార్థం, సమానమైన వాడుక, సన్నిహితమైన కూర్పు, సమానస్థాయి ప్రమాదం, సామర్థ్యం ఉన్న ఉత్పత్తులను ఒక 'కుటుంబం'గా పరిగణించి ఒకే అనుమతి ఇస్తారు. ఆ కుటుంబంలో గరిష్ఠ ప్రమాదాన్నీ, కనిష్ఠ సామర్థ్యాన్నీ ఆధారం చేసుకొని పరిశీలిస్తారు. అంటే అక్కడ సాదృశ్యాన్ని ముందుగానే హద్దులు గీసి చూస్తారు.

పాలమూరు అనుభవం

2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుండి ఈ మూడు జిల్లాలు ఏర్పడ్డాయి. గద్వాల ప్రాంతం సంకర పత్తి విత్తనోత్పత్తికి ప్రసిద్ధం. ఈ సాగులో ఆడమొక్క పువ్వులోని మగభాగాన్ని చేత్తో తొలగించి, మరో మొక్క పుప్పొడిని చేత్తోనే అద్దాలి. అందువల్ల మందు కొట్టిన చేలోనే కూలీలు గంటల తరబడి మొక్కలను తాకుతూ పనిచేస్తారు. ఏ మందు కొట్టారన్నది వారికి ఆరోగ్య సమస్య కూడా.

ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం ద్రావణం పలు సంస్థల నుండి పలు పేర్లతో వస్తుంది. ఒక పేరు పనిచేయలేదని రైతు మరొక పేరు కొంటే, మార్చింది డబ్బానే కావచ్చు. ఒకే రసాయనాన్ని మళ్లీ మళ్లీ వాడితే పురుగులో తట్టుకొనే శక్తి పెరుగుతుంది. ఖర్చూ, విషప్రభావమూ పెరుగుతాయి. డబ్బాపై రసాయననామం ఉన్నా, బేరంలో నిలిచేది వాణిజ్యనామమే. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు విషతీవ్రతను మాత్రమే తెలుపుతాయి. రెండు డబ్బాల్లో ఉన్నది ఒకటేనని తెలుపవు.

ముగింపు

నమోదు వ్యవస్థ సాదృశ్యాన్ని తయారీదారు సౌలభ్యం కోసం గుర్తించింది. అదే గుర్తింపు రైతుకూ, కూలీకీ చేరాలంటే రసాయననామం వాణిజ్యనామం కంటే పెద్ద అక్షరాల్లో, తెలుగులో కనిపించాలి. సమానమైనవాటిని ఒక గుంపుగా చేర్చడం పరిపాలనకు వెసులుబాటు. ఆ గుంపును వాడేవారు గుర్తించగలిగినప్పుడే దాన్ని రక్షణ అనగలం.