‘రాత్రి’ (1992): దయ్యాల ఇంటి సినిమాను చరిత్రగా చదవడం

1. పరిచయం

చరిత్రకు ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, కైఫీయతులు, ప్రభుత్వ పత్రాలు గుర్తుకు వస్తాయి. సినిమా కూడా ఒక ఆధారమే. ఒక కాలంలోని ప్రజలు దేన్ని కోరుకున్నారో, దేనికి భయపడ్డారో సినిమాలో కనిపిస్తుంది. ఈ భాగంలో రామ్‌గోపాల్ వర్మ 1992లో తెలుగులో ‘రాత్రి’గా, హిందీలో ‘రాత్’గా తీసిన చిత్రాన్ని పరిశీలిస్తాం. విడుదలైనప్పుడు ఇది ఆశించిన ఆదరణ పొందలేదు. అయినా దయ్యాల సినిమాలను ఇష్టపడేవారు నేటికీ దీన్ని వెతుక్కొని చూస్తారు. దీని ఆకర్షణ ఎక్కడుంది? ఇందులోని ఇల్లు మనకు ఏ చరిత్ర చెబుతుంది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానాలు చూద్దాం.

2. పెద్ద ఇల్లు, పెద్ద భయం

మీది పెద్దవంగర ప్రాంతమైతే ‘గడి’ అన్న మాటను వేరే వివరించనక్కరలేదు. పొరుగున ఉన్న పాలకుర్తి ప్రాంతంలోనే విసునూరు దేశ్‌ముఖ్ గడి ఉండేది. వెట్టిచాకిరి, అక్రమ వసూళ్లు, భూముల ఆక్రమణ ఆ గడి పేరుమీదే సాగాయి. చాకలి ఐలమ్మ తన పంటను కాపాడుకోవడానికి ఎదిరించింది ఆ దేశ్‌ముఖ్‌నే. 1946 జూలై 4న కడవెండిలో దొరల మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య మరణించాడు. ఆనాటి పల్లెకు గడి అంటే భయం కలగడానికి దయ్యం అవసరం లేదు. లోపల ఉన్నది బతికున్న మనిషే.

పాత భారతీయ సినిమాలు కూడా భయానికి ఇలాంటి పెద్ద భవనాలనే ఎక్కువగా ఎంచుకున్నాయి. కమాల్ అమ్రోహీ హిందీ చిత్రం ‘మహల్’ (1949) పేరులోనే భవనం ఉంది. అందులో ఆత్మగా కనిపించిన స్త్రీ చివరకు తోటమాలి కూతురని తేలుతుంది. ‘వో కౌన్ థీ?’ (1964) ఆధారంగా తెలుగులో వచ్చిన ‘ఆమె ఎవరు?’ (1966) లోనూ దయ్యం వెనుక ఉన్నది ఆస్తి కోసం పన్నిన కుట్ర. అంటే ఈ కథల్లో దయ్యం అబద్ధం, ఆస్తి మీద ఆశ నిజం. ఇందుకు భిన్నమైన చిత్రం మలయాళంలో 1964లో వచ్చింది. వైకం ముహమ్మద్ బషీర్ కథ ఆధారంగా ఎ. విన్సెంట్ తీసిన ‘భార్గవీ నిలయం’లో ఒక రచయిత పాడుబడిన ఇంట్లో దిగి, అక్కడ చనిపోయిన యువతి కథను రాయడం మొదలుపెడతాడు.

3. ‘రాత్రి’ తెచ్చిన మార్పు

‘రాత్రి’లో గడి లేదు, మహలు లేదు. ఒక మధ్యతరగతి కుటుంబం కొత్త ఇంట్లోకి వస్తుంది. ఆ ఇంట్లోకి చేరిన పిల్లి కారు కింద పడి చనిపోతుంది. దాన్ని పాతిపెట్టిన తర్వాత పిల్లి మళ్లీ కనిపిస్తుంది. క్రమంగా కూతురు మినీ (రేవతి) ప్రవర్తన మారిపోతుంది. పూర్వం అదే ఇంట్లో హత్యకు గురైన స్త్రీ ఆత్మ ఆమెను ఆవహించిందని మాంత్రికుడు (ఓం పురి) చెబుతాడు.

తెలుగువారు కొత్త ఇంట్లో పాలు పొంగించి గృహప్రవేశం చేస్తారు. ఇకపై ఆ ఇల్లు తమదన్న నమ్మకం అందులో ఉంది. ‘రాత్రి’ దెబ్బ కొట్టింది సరిగ్గా ఆ నమ్మకం మీదే. నిన్నటివరకు ఈ గోడల మధ్య ఎవరున్నారు, ఏం జరిగింది అన్న ప్రశ్న నగరాలకు వలస వచ్చి తెలియని వీధుల్లో ఇళ్లు చూసుకునే కుటుంబాలకు కొత్తది. పల్లెలో ప్రతి ఇంటి చరిత్రా అందరికీ తెలుసు. నగరంలో అది ఎవరికీ తెలియదు.

4. భయాన్ని కట్టిన తీరు

ఈ చిత్రంలో దయ్యం కనిపించే సమయం తక్కువ, అది వస్తుందేమోనన్న ఎదురుచూపు ఎక్కువ. మనుషులే లేని వీధుల్లో మినీ ఒంటరిగా నడిచే ప్రారంభ దృశ్యాన్ని గమనించండి. ఆమె కల అది. నిండుగా ఉన్న సినిమా హాలు ఒక్కసారిగా ఖాళీ అయ్యే దృశ్యం మరొకటి. ఆ దృశ్యాన్ని హాల్లో కూర్చుని చూసిన ప్రేక్షకుడు తన పక్క సీటు వైపు తప్పక చూసి ఉంటాడు. తర్వాత దర్శకుడైన తేజ ఛాయాగ్రహణం, మణిశర్మ నేపథ్య సంగీతం ఈ ఎదురుచూపును నిలబెట్టాయి. రాబర్ట్ వైజ్ తీసిన ‘ది హాంటింగ్’ (1963) కూడా దయ్యాన్ని చూపకుండా తలుపు అవతలి శబ్దాలతోనే భయపెట్టింది. ‘రాత్రి’ బలం కూడా ఈ పద్ధతిలోనే ఉంది.

5. ఎందుకు మరుగున పడింది?

‘శివ’ (1989), ‘క్షణక్షణం’ (1991) చూసిన ప్రేక్షకులు వర్మ నుంచి వేగాన్ని ఆశించారు. ‘రాత్రి’ నెమ్మదిగా సాగింది. అదే దర్శకుడు 2003లో ‘భూత్’ తీసి, ఇంటిని ఎత్తైన భవనంలోని ఫ్లాటుగా మార్చి విజయం సాధించాడు. ‘భూత్’కు దారి వేసింది ‘రాత్రే’.

అయితే ఒక హెచ్చరిక. మినీ బాధకు చిత్రం చివరి సమాధానం మాంత్రికుడి నోట చెప్పించింది. పాత చిత్రాలు దయ్యాన్ని కుట్రగా తేల్చగా, ఇది నిజం చేసింది. తెరమీద అది కథ. మన పల్లెల్లో బాణామతి, చేతబడి అనుమానాలతో మనుషులను కొట్టిన, చంపిన ఘటనలు ఉన్నాయి. మానసిక అనారోగ్యంతో ఉన్న ఆడపిల్లను వైద్యుడి దగ్గరకు తీసుకుపోకుండా భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోతే నష్టపోయేది ఆ పిల్లే. చిత్రాన్ని ఇష్టపడుతూనే దాని తీర్పును ప్రశ్నించడం చరిత్ర విద్యార్థిగా మీ బాధ్యత.

6. సారాంశం

దయ్యాల ఇంటి కథలో భయం సాధారణంగా ఒక పాత అన్యాయం నుంచి పుడుతుంది. ‘రాత్రి’లోనూ మూలం ఒక స్త్రీ హత్యే. శిక్ష పడని నేరం మీద కట్టిన ఇల్లు ప్రశాంతంగా ఉండదన్న భావన గడి కథలకూ ఈ చిత్రానికీ ఉమ్మడిది. తేడా ఒక్కటే. గడి అన్యాయానికి ఇక్కడి ప్రజలు సంఘం కట్టి జవాబిచ్చారు. సినిమాలోని కుటుంబం మాంత్రికుణ్ణి పిలిచింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘ఆమె ఎవరు?’, ‘రాత్రి’ చిత్రాలు దయ్యాన్ని చూపిన తీరులోని తేడాను వివరించండి.
2. మీ ఊరిలో ‘దయ్యాల కొంప’గా పేరుపడిన ఇల్లు ఉంటే, అక్కడ పూర్వం ఎవరు నివసించారో పెద్దలను అడిగి ఒక పేజీ రాయండి.