పుల్లరి: ఫీజా, పన్నా?

1921లో గుంటూరు జిల్లాలో మూడు చోట్ల జనం సర్కారుకు ఎదురు తిరిగారు. చీరాల, పేరాలలో మున్సిపాలిటీ పన్ను కట్టలేమని ఇళ్లూ వాకిళ్లూ వదిలేసి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరి బయటకు వెళ్లి రామ్‌నగర్ కట్టుకున్నారు. పెదనందిపాడు రైతులు భూమి శిస్తు బిగబట్టడానికి సిద్ధమయ్యారు. పల్నాడులో గొడవ పుల్లరి మీద వచ్చింది. చీరాలలోనూ పెదనందిపాడులోనూ అడిగింది పన్నేనని ఇరుపక్షాలకూ తెలుసు. పల్నాడులో మాత్రం సర్కారు కాగితాల్లో ‘మేత ఫీజు’ అని ఉండేది, జనం దాన్ని పన్ను అన్నారు. ఆ రెండు మాటల మధ్య ఉన్న తేడాలోనే పల్నాటి తగువంతా ఉంది.

పన్ను కట్టినవాడు ‘నాకేమిచ్చావు?’ అని అడగలేడు. ఆ డబ్బు ఖజానాలో కలిసిపోతుంది, రోడ్డుకైనా పోవచ్చు, జీతాలకైనా పోవచ్చు. ఫీజు అలా కాదు. లైసెన్సుకో రిజిస్ట్రేషన్‌కో డబ్బు కడితే ఆ పని జరగాలి. పని అక్కర్లేనివాడు కట్టడు.

మద్రాసు ప్రభుత్వం 1882లో అటవీ చట్టం తెచ్చింది. నల్లమల అంచున దుర్గి, మాచర్ల, గురజాల చుట్టుపక్కల ఊళ్లకు తరతరాలుగా పశువుల్ని తోలుకెళ్లే చోట్లు రిజర్వు ఫారెస్టు అయిపోయాయి. అప్పటినుంచి గొడ్డు లోపల అడుగుపెట్టాలంటే రుసుము కట్టి తీసుకున్న పర్మిట్టు ఉండాలి. అది లేకుండా దొరికిన గొడ్డు బందెలదొడ్డికి పోయేది. విడిపించుకోవాలంటే జరిమానా కట్టాలి, దొడ్డిలో పెట్టిన మేత ఖర్చు కూడా కట్టాలి. గడువు దాటితే వేలం. ఉదయం తోలుకెళ్లిన ఎద్దును సాయంత్రం బందెలదొడ్డి కంచె బయట నిలబడి చూసుకునే రైతుకు, రేపు దుక్కికి ఏం కట్టాలన్న దిగులు ఎంతటిదో మెట్ట పొలాలున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అప్పట్లో సాగర్ కాలువలు లేవు. వానలు మొహం చాటేసిన ఏడు పల్నాడు రైతు చేతిలో మిగిలేది పశువే.

పుల్లరి అన్న మాట ఇంగ్లీషు దొరలకంటే చాలా పాతది. పుల్లు అంటే గడ్డి, అరి అంటే పన్ను. శాసనాల్లో ఇల్లరి, పుల్లరి రెండూ కనిపిస్తాయి. కాగితం మీద ఫీజు అని రాసుకున్నా, పల్నాడు జనం మాత్రం దాని అసలు పేరుతోనే పిలిచారు. వాళ్ల దగ్గర న్యాయశాస్త్రం లేదు. కట్టక తప్పదన్న సంగతి మాత్రం తెలుసు.

1921లో సత్యాగ్రహం మొదలైంది. కాంగ్రెస్ నాయకుడు ఉన్నవ లక్ష్మీనారాయణ పల్నాడు వచ్చి జైలుకు వెళ్లారు. మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు పుల్లరి కట్టవద్దని ఊళ్లను కూడగట్టాడు. అధికారులు పశువుల్ని తోలుకుపోతే జనం అడ్డం పడ్డారు. చౌరీచౌరా హింస తర్వాత, 1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెస్ దేశమంతటా ఉద్యమం ఆపాలని తీర్మానించింది. ఆ నెల దాటకముందే మించాలపాడు దగ్గర పోలీసులు జరిపిన కాల్పుల్లో హనుమంతు ప్రాణం విడిచాడు. నెత్తురోడుతూ దాహమని అడిగినా ఆయనకు నీళ్లు దక్కనివ్వలేదని పల్నాడులో ఇప్పటికీ చెప్పుకుంటారు. గడ్డి మీద వేసిన రుసుము కోసం ఒక మనిషిని కాల్చి చంపడం క్షమించరానిది, దానికి ఏ పేరు పెట్టినా.

పన్నుకూ ఫీజుకూ మధ్య ఉన్న తేడాను మన సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులో గీత గీసి చెప్పింది. మద్రాసు హిందూ దేవాదాయ చట్టం కింద మఠాల ఆదాయంలోంచి వసూలు చేసే చందా మీద వచ్చిన వివాదమది. చెల్లించినవాడికి తిరిగి వచ్చే ప్రత్యేక సేవ ఏదీ లేకుండా బలవంతంగా తీసుకునేది పన్ను, సేవకు బదులుగా తీసుకునేది ఫీజు అని జస్టిస్ బి.కె. ముఖర్జియా తీర్పు. ఆ చందా పన్నే కాబట్టి వేసే అధికారం రాష్ట్రానికి లేదని కొట్టేశారు.

ఆ గీత తర్వాత కొంత చెరిగింది. వ్యవసాయ మార్కెట్లలో నూటికి 50 పైసలున్న రుసుమును రూపాయి చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ వ్యాపారులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. శ్రీనివాసా జనరల్ ట్రేడర్స్ కేసుగా పేరుపడిన ఆ వివాదంలో 1983లో పెంపు చెల్లుతుందని తీర్పొచ్చింది. కట్టిన పైసకు పైస లెక్క చూపక్కర్లేదు, రుసుముకూ అందే సేవకూ స్థూలంగా పొంతన ఉంటే చాలంది కోర్టు. మార్కెట్ యార్డులో కనీసం కాటా ఉంటుంది, షెడ్డు ఉంటుంది, సరుకు తడవకుండా కాస్త చోటుంటుంది.

ఆ పొంతన అయినా నాటి పుల్లరికి ఉందా? నల్లమల గడ్డిని సర్కారు విత్తలేదు, తడపలేదు. పర్మిట్టు తీసుకున్నవాడికి కొత్తగా దక్కిందేమీ లేదు, నిన్నటిదాకా తన పశువు మేసిన చోటే మళ్లీ మేసింది. రైతు కొన్నది సదుపాయం కాదు, బందెలదొడ్డి నుంచి విడుదల. కట్టనని చెప్పి పశువుల్ని ఇంకో చోటికి తోలుకుపోదామంటే ఆ పక్కదీ రిజర్వే.