నూరేండ్ల నల్లని పొగ

మన వంటయింటికి చేరు బియ్యమును, పప్పును, ఉప్పును ఏదో యొక దశలో లారీ మోసియే యుండును. ఆ లారీని లాగునది సాధారణముగ డీజిలు యంత్రము. దాని మేలు ననుభవించు మనము దాని పొగ చరిత్రను గూడ తెలిసికొనుట న్యాయము.

రుడోల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు పట్టణమున తన యంత్రమును జయప్రదముగ నడిపి చూపెను. నూనెలోని శక్తిలో నాలుగవ వంతుకు పైగా అది పనిగా మార్చెను. నాటి ఆవిరి యంత్రములకు అది అందని మాట. అయితే తొలి డీజిలు యంత్రములు మిక్కిలి బరువైనవి. కర్మాగారములకు, ఓడలకు మాత్రమే తగియుండెను. 1923, 1924 సంవత్సరములలో జర్మనీలోనే వానిని లారీల కమర్చిరి. నూనెను చిమ్ము చిన్న పంపును బాష్ సంస్థ 1927లో విరివిగ తయారుచేయ మొదలిడిన పిమ్మట డీజిలు లారీ లోకమంతట వ్యాపించెను.

ఈ యంత్రమునకు నిప్పురవ్వతో పనిలేదు. గాలిని గట్టిగ నొక్కినచో వేడెక్కును. అందు చిమ్మిన నూనె తనంతట మండును. పొదుపునకు మూలమిదియే, దోషమునకు మూలమును ఇదియే. గాలి చాలనిచోట నూనె సగము కాలి మసియగును. వేడిమి మిక్కుటమైనచోట గాలిలోని నత్రజని ఆమ్లజనితో గూడి నైట్రోజన్ ఆక్సైడులను హానికర వాయువు లేర్పడును. వేడిమిని తగ్గించినచో మసి పెరుగును. మసిని తగ్గింపబోయినచో ఆ వాయువులు పెరుగును. ఇంజనీర్లను దశాబ్దములపాటు వేధించిన చిక్కు ఇదియే.

దానిని విప్పుటకు ఒక్క ఉపాయము చాలలేదు. 1995లో జపానులో ఒక లారీకి ‘కామన్ రైల్’ పద్ధతి నమర్చిరి. అధిక పీడనమున నిలువయున్న నూనెను విద్యుత్ సాధనము లెక్కప్రకారము సన్నని తుంపరలుగ చిమ్మును. మిగిలిన మసిని పొగగొట్టములోని వడపోత పట్టి, కూడినకొలది కాల్చివేయును. నైట్రోజన్ ఆక్సైడులకు విరుగుడు 32.5 శాతపు యూరియా ద్రావణము. అది వేడికి అమ్మోనియాగ మారి, ఉత్ప్రేరకముపై ఆ వాయువులను నత్రజనిగను నీటి ఆవిరిగను మార్చును. రైతు పొలమున చల్లు యూరియా వంటిదే యిది. కాని మిక్కిలి శుద్ధమైనది.

ఈ ఉపకరణము లన్నిటికిని నూనెలోని గంధకము శత్రువు. అది ఉత్ప్రేరకములను చెరచును. కావున యంత్రముకన్న ముందు నూనె శుభ్రపడవలసి వచ్చెను. మన దేశమున డీజిలులో గంధకపు పరిమితి పదిలక్షల పాళ్లకు 2010లో 350, 2017లో 50, 2020 ఏప్రిల్ నుండి 10 పాళ్లుగ తగ్గెను. భారత్ ప్రమాణములలో అయిదవ మెట్టును విడిచి ఆరవ మెట్టున కెక్కిన సందర్భమది. విశాఖపట్టణములోని చమురుశుద్ధి కర్మాగారము సయితము ఇట్టి నూనెనే తీయవలసి వచ్చెను.

ఈ ఆలస్యమునకు మూల్యము చెల్లించిన వారెవరు? డీజిలు పొగ ఊపిరితిత్తుల కేన్సరునకు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా సంస్థ 2012లో నిర్ణయించెను. యంత్రము జయించి అప్పటికి 115 ఏండ్లు. ఆ నిర్ణయమునకు ఆధారము చూపినవి గని కార్మికుల, రైలు కార్మికుల, లారీ డ్రైవర్ల ఊపిరితిత్తులు. పొదుపు సరుకు పంపినవారికి దక్కెను; పొగ దారిలోని వారికి దక్కెను.

2020 నాటి కట్టుబాటు క్రొత్త లారీలకు మాత్రమే వర్తించును. పాతవి ఇంకను రహదారులపై తిరుగుచున్నవి. క్రొత్తదైనను వడపోతను కాపాడి, యూరియా తొట్టిని నింపుచున్నంతకాలమే శుభ్రమైనది. శాస్త్రము తన పని చాలవరకు చేసినది. మిగిలినది యజమాని శ్రద్ధ, అధికారుల తనిఖీ; వానికై పట్టుబట్టవలసినవారము మనము.